బేక్డ్ ఫిష్: నిమ్మరసం పిండితే వాసన పోతుంది సరే.. పాడైన చేప సంగతేంటి? ఇంట్లో ఫిల్లెట్లు బేక్ చేసే పద్ధతి ఇదే

చేపకు పులుపు జత చేయడం మనకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో చింతపండు పులుసు, వేసవిలో మామిడికాయ వేసిన చేపల కూర, వేపుడు మీద పిండే నిమ్మచెక్క.. ఇవన్నీ తెలిసినవే. ఇప్పుడు ఇళ్లలోకి ఓటీజీలు, కన్వెక్షన్ మైక్రోవేవ్‌లు వచ్చేశాయి. దాంతో ముళ్లు తీసిన చేప ముక్కలకు నిమ్మ, కమలా, బత్తాయి లాంటివి పట్టించి ఓవెన్‌లో బేక్ చేసుకునేవాళ్లు పెరుగుతున్నారు. నూనె తక్కువ, ఇల్లంతా వేపుడు వాసన ఉండదు, పావుగంటలో పని అయిపోతుంది. ముళ్ల భయం తక్కువ కాబట్టి పిల్లలకు కూడా పెట్టొచ్చు.

అయితే ఇక్కడే చాలామంది ఓ పొరపాటు చేస్తుంటారు. చేప కాస్త వాసన వస్తోందనిపిస్తే ఇంకో రెండు నిమ్మకాయలు పిండేస్తారు. వాసన పోయింది కదా, ఇక ఫర్వాలేదు అనుకుంటారు. నిజానికి పోయింది వాసన మాత్రమే. చేప బాగుందా లేదా అన్న విషయం ఏమాత్రం మారలేదు. అందుకే ఏ చేప తీసుకోవాలి, నిమ్మరసం ఎంతసేపు పట్టించాలి, ఓవెన్‌లో ఎంత వేడి పెట్టాలి.. ఇవన్నీ ఒక్కచోట చూద్దాం.

ముందు వాసన చూడండి.. ఆ తర్వాతే నిమ్మకాయ కోయండి

సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. దానికి వాసన ఉండదు. చేప చనిపోయాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనకు నీచు వాసన వచ్చేది ప్రధానంగా దీనివల్లే. ఇది క్షార గుణం ఉన్న పదార్థం. నిమ్మరసంలోని సిట్రిక్ యాసిడ్ తగలగానే ఆవిరి కాని లవణంగా మారిపోతుంది. గాల్లోకి లేవదు కాబట్టి ముక్కుకు తెలియదు. అంతే జరిగేది.

అంటే చేప పాడవుతోందని ముక్కుకు చెప్పే గుర్తును నిమ్మరసం కప్పేస్తుంది అన్నమాట. అందుకే ప్యాకెట్ విప్పగానే, నీళ్లు తగలకముందే, నిమ్మకాయ కోయకముందే ఓసారి వాసన చూడాలి. సముద్రపు నీటి వాసనో, కొద్దిపాటి చేప వాసనో అయితే ఇబ్బంది లేదు. అమ్మోనియాలా ఘాటుగా, పుల్లగా, ముక్కు తిప్పుకునేలా ఉంటే మాత్రం ఎంత ఖరీదైన చేపైనా పక్కన పెట్టేయడమే మంచిది.

చెరువు చేపల్లో వచ్చే మట్టి వాసన వేరు. అది జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. నీటిలోని కొన్ని రకాల నాచు, బ్యాక్టీరియా దీన్ని తయారు చేస్తాయి. ఇది పాడైన గుర్తు కాదు. పులుపు తగిలితే ఈ మట్టి వాసన తగ్గుతుంది. చెరువు చేపలకు నిమ్మ, చింతపండు అంత బాగా కుదరడానికి ఇదీ ఓ కారణం.

నిమ్మరసంతో చేప ఉడికిపోతుందా?

నిమ్మరసంలో నానబెట్టిన చేప ముక్క కాసేపటికి తెల్లగా మారి గట్టిపడుతుంది. చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. పెరూ దేశపు ప్రసిద్ధ వంటకం సెవిచే తయారయ్యేది ఇలాగే. 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా దీనికి చోటు దక్కింది. యాసిడ్ తగిలితే చేపలోని ప్రొటీన్ రూపం మారుతుంది. వేడి తగిలినా మారుతుంది. అందుకే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కానీ తేడా ఉంది. హాని చేసే బ్యాక్టీరియాను, చేపల్లో ఉండే పరాన్నజీవులను చంపుతుందని నిమ్మరసాన్ని నమ్ముకోలేం. ఆ పని చేయాల్సింది వేడి. చేప ముక్కలో బాగా మందంగా ఉన్న చోట మధ్యభాగం 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలని అమెరికా ఆహార భద్రతా సంస్థలు సూచిస్తున్నాయి. కాబట్టి పైకి తెల్లగా కనిపించింది కదా అని ఓవెన్ నుంచి ముందే తీసేయకూడదు. నిమ్మరసం పట్టించిన చేప విషయంలో రంగును మాత్రమే చూస్తే మోసపోతాం.

ఏ చేప అయితే బాగుంటుంది?

ఫిల్లెట్ అంటే వెన్నుముల్లుకు రెండు పక్కలా నిలువుగా తీసిన కండ. మన మార్కెట్లలో సాధారణంగా చేపను అడ్డంగా ముక్కలు కొట్టిస్తారు. అందులో మధ్య ముల్లు ఉంటుంది. బేకింగ్‌కు కావాలంటే కొట్టేవాళ్లకు 'బోన్‌లెస్' లేదా 'ఫిల్లెట్' అని ముందే చెప్పాలి. తల, ముల్లు, తోలు పోగా కిలో చేపకు చాలాసార్లు అరకిలో కూడా రాదు. తల, ముళ్లను వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుంటే పులుసుకు పనికొస్తాయి.

పండుగప్ప: బేకింగ్‌కు బాగా సరిపోయే చేప. కండ తెల్లగా, మందంగా ఉంటుంది. పొరలు పొరలుగా విడిపోతుంది.

కొర్రమీను: తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ముళ్లు తక్కువ, కండ గట్టిగా ఉంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి కాస్త నూనె ఎక్కువ రాయాలి. లేకపోతే ఎండిపోతుంది.

వంజరం: రుచికి తిరుగులేదు. అయితే చల్లదనంలో ఉంచి అమ్మే చోటే కొనాలి. కారణం కింద చూడండి.

బాసా: సూపర్ మార్కెట్లలో గడ్డకట్టించి అమ్ముతారు. ఇది పంగాసియస్ జాతి చేప. మన చెరువుల దగ్గర దీన్నే 'ఫంగస్' అంటుంటారు. మెత్తగా ఉంటుంది, నీరు ఎక్కువ వదులుతుంది. బాగా తుడిచి వాడాలి.

చందువ: పలచటి చేప. ఫిల్లెట్ కంటే గాట్లు పెట్టి మొత్తంగా బేక్ చేయడమే మేలు.

బొచ్చె, శీలావతి లాంటి చెరువు చేపలు రుచిగానే ఉంటాయి. కానీ వాటి కండ మధ్యలో వై ఆకారంలో సన్నటి ముళ్లుంటాయి. ఫిల్లెట్ తీసినా అవి పోవు. పిల్లలకు, పెద్దవాళ్లకు పెట్టాలనుకుంటే వీటిని బేకింగ్‌కు తీసుకోకపోవడమే మంచిది. వాటికి పులుసే సరైన జోడీ.

తాజా చేపను గుర్తుపట్టేదెలా?

వీలైతే మొత్తం చేపను చూసి ఎంచుకుని, కళ్ల ముందే ఫిల్లెట్ తీయించుకోవాలి. కళ్లు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి, గోధుమ రంగులోకి మారి జిగురు పట్టి ఉంటే వద్దు. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే ఆ చేప పట్టి చాలాసేపు అయిందని అర్థం.

ముందే కోసి పెట్టిన ఫిల్లెట్లకు కళ్లు, మొప్పలు ఉండవు కాబట్టి అంచులు చూడాలి. అంచులు పసుపు రంగులోకి మారినా, ఎండినట్టున్నా, ప్యాకెట్ అడుగున నీళ్లు ఎక్కువగా చేరినా తీసుకోకండి.

చేప పాడవకుండా ఫార్మాలిన్ కలుపుతున్నారన్న వివాదం గుర్తుండే ఉంటుంది. 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే చేపలపై కొన్ని రోజులు నిషేధం కూడా పెట్టింది. చేపల్లో ఫార్మాలిన్ కలపడం చట్ట విరుద్ధం. దీన్ని గుర్తించేందుకు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ పరీక్షా కిట్లను కూడా తయారు చేసింది. ఐస్ లేకుండా గంటల తరబడి బయట ఉన్నా ఈగ వాలని, అసలు చేప వాసనే రాని, రబ్బరులా బిగుసుకున్న చేప కనిపిస్తే అనుమానించాల్సిందే.

మార్కెట్ నుంచి ఇంటికి వచ్చేలోపే..

అసలు ప్రమాదం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. ఆదివారం ఉదయం చేపలు కొని, కూరగాయలు కొని, మధ్యలో టీ తాగి ఇంటికి వచ్చేసరికి గంటన్నర. మన ఎండలకు అది చాలా ఎక్కువ సమయం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మామూలుగా రెండు గంటలకు మించి, వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటకు మించి పచ్చి చేపను బయట ఉంచకూడదన్నది నియమం. చేపలు ఆఖర్న కొనండి. అమ్మేవాళ్లను అడిగి కవర్‌లో కాస్త ఐస్ వేయించుకోండి.

వంజరం, ట్యూనా, కానాగంత, కవళ్లు లాంటి చేపల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇవి చల్లదనం లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా, నిమ్మరసం పిండినా అది పోదు. పైగా వాసనలో తేడా తెలియకపోవచ్చు కూడా. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లో ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి, గుండె దడ, వాంతులు మొదలవుతాయి. అలర్జీ అనుకుని చాలామంది పొరబడుతుంటారు. ఇలా ఉంటే డాక్టర్‌ను కలవాలి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇంటికి రాగానే చేపను 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. గడ్డకట్టిన ఫిల్లెట్లను వంటింటి గట్టు మీద వదిలేయకుండా ముందురోజు రాత్రే ఫ్రీజర్‌ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. గాలి లేకుండా ప్యాక్ చేసినవైతే కవర్ విప్పి, గిన్నెలో పెట్టి మూతేసి కరగనివ్వాలి.

ఏ పులుపు.. ఎంత?

విదేశీ వంటకాల్లో 'రెండు లెమన్స్' అని కనిపిస్తుంది. అవి పెద్దవిగా, పసుపు పచ్చగా ఉండే కాయలు. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి మన ఇళ్లకు వచ్చే నిమ్మకాయ చిన్నది. రసం తక్కువ, ఘాటు ఎక్కువ. అందుకే కాయల లెక్క కాకుండా చెంచాల లెక్క చూసుకోవాలి. అరకిలో చేపకు రెండు టేబుల్ స్పూన్ల లోపు నిమ్మరసం సరిపోతుంది.

నల్గొండ, అనంతపురం వైపు పండే బత్తాయిలో పులుపు చాలా తక్కువ. దాని రసం ఒక్కటే వేస్తే చేప చప్పగా, తియ్యగా ఉంటుంది. నిమ్మరసం పులుపుకు, బత్తాయి లేదా కమలా వాసనకు.. ఇలా రెండూ కలిపితేనే రుచి కుదురుతుంది. తొక్క పైపొరను సన్నగా తురిమి వేస్తే ఆ పరిమళమే వేరు. అయితే కింద తెల్లటి పొర చేదు. రంగు ఉన్నంత వరకే తురమాలి. తురిమే ముందు కాయను గోరువెచ్చటి నీటిలో రుద్ది కడగాలి.

కావాల్సినవి (నలుగురికి)

పండుగప్ప ఫిల్లెట్లు: 500 గ్రాములు, సుమారు అంగుళం మందం
నిమ్మరసం: ఒకటిన్నర టేబుల్ స్పూన్
కమలా లేదా బత్తాయి: ఒకటి, పలచటి చక్రాలుగా కోయాలి
నిమ్మ తొక్క తురుము: అర టీస్పూన్
వేరుశనగ లేదా ఆలివ్ నూనె: రెండు టేబుల్ స్పూన్లు
వెల్లుల్లి: నాలుగు రెబ్బలు, దంచాలి
మిరియాల పొడి: ముప్పావు టీస్పూన్
ఉప్పు: ముప్పావు టీస్పూన్
పచ్చిమిర్చి: రెండు, చీల్చాలి
కొత్తిమీర: కాడలతో సహా గుప్పెడు

తయారీ ఇలా..

1. ముందు ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 నుంచి 15 నిమిషాలు వేడి చేయాలి. ఓటీజీలో పైన, కింద రెండు రాడ్లూ ఆన్‌లో ఉండాలి. ఫ్యాన్ ఉంటే 180 డిగ్రీలు చాలు.

2. చేపను సన్నటి ధార కింద కడిగి, టిష్యూతో లేదా శుభ్రమైన బట్టతో పూర్తిగా తుడవాలి. తడి ఉంటే చేప బేక్ అవ్వదు, ఆవిరికి ఉడుకుతుంది. తర్వాత సింక్, కత్తి, చెక్క సబ్బుతో కడగడం మర్చిపోవద్దు.

3. వేలితో కండ మీద నిలువుగా తడిమి చూడండి. మిగిలిన ముళ్లు తగిలితే ప్లక్కర్‌తో లాగేయాలి.

4. గాజు లేదా స్టీల్ గిన్నెలో నూనె, నిమ్మరసం, తురుము, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు కలిపి చేపకు పట్టించాలి. 15 నిమిషాలు చాలు. అరగంట దాటితే పులుపు కండను గట్టిపరుస్తుంది. బేక్ అయ్యాక సుద్దముక్కలా పొడిపొడిగా ఉంటుంది. రాత్రంతా నానబెట్టే చికెన్ పద్ధతి చేపకు పనికిరాదు.

5. ట్రేలో కొత్తిమీర కాడలు, సగం కమలా చక్రాలు పరిచి వాటిపై చేపను పెట్టాలి. అడుగు అంటుకోదు, పరిమళం కూడా పడుతుంది. పలచటి తోక భాగాన్ని కిందకు మడిచేస్తే అంతా ఒకే మందంగా ఉడుకుతుంది. పైన పచ్చిమిర్చి, మిగిలిన చక్రాలు పెట్టండి.

6. మధ్య అరలో పెట్టి బేక్ చేయాలి. తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి, కొత్తిమీర ఆకు చల్లి వడ్డించండి.

ఎంతసేపు బేక్ చేయాలి?

బరువు కాదు, మందం ముఖ్యం. 200 డిగ్రీల వద్ద సుమారుగా ఇలా ఉంటుంది.

అర అంగుళం: 7 నుంచి 9 నిమిషాలు
ముప్పావు అంగుళం: 10 నుంచి 12 నిమిషాలు
అంగుళం: 13 నుంచి 15 నిమిషాలు
పొట్లంలో చుట్టి పెడితే: మరో 5 నిమిషాలు

ఒక్కో ఓవెన్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే చూడాలి. ఫుడ్ థర్మామీటర్ ఉంటే మందమైన చోట గుచ్చి 63 డిగ్రీలు వచ్చిందా అని చూసుకోవచ్చు. లేకపోతే ఫోర్క్‌తో అదే చోట మెల్లగా తిప్పండి. పొరలు తేలిగ్గా విడిపోయి, లోపల గాజులా మెరిసే భాగం ఏమీ లేకపోతే అయినట్టే. లోపల ఇంకా నిగనిగలాడుతూ, జిగటగా ఉంటే మరో రెండు నిమిషాలు పెట్టాలి. మటన్‌తో పోలిస్తే చేప కండను పట్టి ఉంచే కణజాలం చాలా తక్కువ. అందుకే ఇంత త్వరగా ఉడుకుతుంది, అంతే త్వరగా ఎండిపోతుంది కూడా.

ఫాయిల్ వాడొచ్చా? బటర్ పేపర్ సంగతేంటి?

పుల్లటి పదార్థం, ఉప్పు, వేడి.. ఈ మూడూ కలిస్తే ఫాయిల్ నుంచి అల్యూమినియం ఆహారంలోకి చేరడం పెరుగుతుంది. కాబట్టి నిమ్మరసం పట్టించిన చేపను నేరుగా ఫాయిల్‌లో చుట్టకపోవడం మంచిది. లోపల బేకింగ్ పేపర్ వేసి, బయట ఫాయిల్ చుట్టొచ్చు. బటర్ పేపర్ పేరుతో అమ్మేవన్నీ ఓవెన్‌కు పనికిరావు. ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో చూసి కొనండి. మైక్రోవేవ్ మోడ్‌లో ఫాయిల్, లోహపు ట్రే అస్సలు పెట్టొద్దు. కన్వెక్షన్ మోడ్‌లోనే బేక్ చేయాలి.

వీటన్నిటికంటే తేలికైనది అరటాకు. పొయ్యి సెగపై ఓసారి వాడ్చితే చిరగకుండా మడత పడుతుంది. కేరళ మీన్ పొల్లిచ్చదు, బెంగాలీల పాతూరీ, పార్సీల పత్రానీ మచ్ఛీ.. అన్నిట్లోనూ చేపను చుట్టేది అరటాకులోనే.

ఓవెన్ లేకపోతే?

చేపను అరటాకులో పొట్లం కట్టి, మందపాటి పెనం మీద పెట్టి మూతేయండి. సన్నటి సెగ మీద ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఎయిర్ ఫ్రైయర్ అయితే 180 డిగ్రీల వద్ద 10 నిమిషాల తర్వాత చూసుకోవాలి. ఎందులో చేసినా ఫోర్క్ పరీక్ష తప్పనిసరి.

ఈ సందేహాలు మీకూ ఉన్నాయా?

బేక్ చేసేటప్పుడు చేప మీద తెల్లటి నురగలా ఎందుకొస్తుంది?
అది గడ్డకట్టిన ప్రొటీన్. హాని లేదు. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా ఇలా వస్తుంది.

తిన్నాక చేదుగా ఉంది, ఎందుకు?
నిమ్మ చక్రాలు మందంగా కోసినా, గింజలు తీయకపోయినా, తెల్లపొర తురుములో కలిసినా చేదు వస్తుంది.

మిగిలితే దాచుకోవచ్చా?
రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల వరకు ఉంటుంది. మళ్లీ తినేటప్పుడు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి.

చేపను నానబెట్టిన నిమ్మరసాన్ని సాస్‌లా పోసుకోవచ్చా?
వద్దు. అందులో పచ్చి చేప నీరు ఉంటుంది. పైన పిండుకోవడానికి కొత్త నిమ్మచెక్క వాడండి.

వారానికి ఎన్నిసార్లు తినొచ్చు?
వారానికి రెండుసార్లు చేప తినాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తోంది. అదీ వేపుడు కాకుండా ఉంటే మేలు. చేపలు, సిట్రస్ పండ్లు పడనివాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ సలహా తీసుకోవాలి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే

నిమ్మకాయ ఇచ్చేది రుచి, పరిమళం. చేప తాజాదనం మార్కెట్ దగ్గర, చల్లదనం దారిలో, భద్రత ఓవెన్ వేడిలో ఉంటాయి. ఆ మూడూ సరిగ్గా ఉంటే ఒక్క నిమ్మచెక్కతోనే పళ్లెం ఖాళీ అవుతుంది. వాటిలో ఏ ఒక్కటి తప్పినా బుట్టెడు నిమ్మకాయలు పిండినా లాభం లేదు. ఈ ఆదివారం చేపలు తెచ్చాక కత్తి తీసే ముందు ఓసారి వాసన చూడండి, ఆ తర్వాతే ఓవెన్ ఆన్ చేయండి.